ద్విముఖ జలచక్రము

ఆషాఢ శ్రావణములలో రాయలసీమ మెట్టలపై గాలిమరలు విరామము లేక తిరుగునపుడు మబ్బుల మాటున సూర్యుడు మందగించుటయు, చైత్ర వైశాఖములలో ఎండలు మండునపుడు ఆ మరలే పెక్కుమార్లు కదలక నిలుచుటయు ఆ సీమవారు చిరకాలముగా ఎఱిగినదే. ఇట్లు పరస్పర పూరకములైన ఈ రెండు శక్తులను ఒక్క తీగకు చేర్చినచో సంవత్సరపు వెలితి కొంత తీరును గాని, దినము లోపలి వెలితి తీరదు. ఏలయన సౌరఫలకముల దిగుబడి మధ్యాహ్నమున పరాకాష్ఠనంది, ఇంటింట దీపములు వెలుగు వేళకు శూన్యమగును. విద్యుత్ గ్రిడ్డునందు ఉత్పత్తియు వినియోగమును క్షణక్షణము సమముగా నుండవలెను. ఆ సమత్వము చెదరినచో సెకనుకు 50 ఆవర్తనములుగా నుండవలసిన పౌనఃపున్యము హెచ్చుటయో తగ్గుటయో తటస్థించును. ఈ చిక్కును విప్పుటకు మానవుడు కనుగొన్న సమర్థమైన సాధనములలో ఒకటి, నీటిని ఎత్తుటకును దించుటకును తానే చాలునట్టి ద్విముఖ జలచక్రము.

దాని వంశమునకు మూలము 1849 ప్రాంతమున అమెరికాలోని లోవెల్ పట్టణమున జేమ్స్ ఫ్రాన్సిస్ తీర్చిన టర్బైను. అందు నీరు అంచునుండి కేంద్రమునకు ప్రవహించుచు చక్రమును త్రిప్పును. ఆ చక్రమునే బలవంతముగా ఎదురుదిశలో త్రిప్పినచో నీరు కేంద్రమునుండి అంచునకు చిమ్మబడి ఎగువకు పోవును. ఈ సామ్యము కంటికి సులభముగానే తోచినను, ఒక్క చక్రము రెండు పనులను చక్కగా నెరవేర్చుటకు శతాబ్ది పట్టెను. ఆల్ప్స్ పర్వతసీమలలో తొలినాళ్ల జలసంచయ కేంద్రములు పంపును వేరుగను టర్బైనును వేరుగను నిలుపుకొనెను. పంపునకు పొడవైన, సంఖ్యలో తక్కువైన రెక్కలు కావలయును. టర్బైనునకు పొట్టివి, ఎక్కువైనవి తగును. ఆ రెంటికిని సంధి కుదిర్చిన పెద్ద యంత్రము 1956లో ఉత్తర కరొలైనాలోని హైవాసీ ఆనకట్టకడ పనిలో ప్రవేశించెను. దాని ఇరుసుకు తగిలించిన విద్యుద్యంత్రమే ఒకప్పుడు జనరేటరు, ఒకప్పుడు మోటారు. మూడు ఫేజులలో రెంటిని తారుమారు చేసినంతనే భ్రమణదిశ మాఱును.

తెలుగునేలకు ఈ యంత్రము క్రొత్తది కాదు. నాగార్జునసాగరమున 100.8 మెగావాట్ల ద్విముఖ యంత్రములు 7, శ్రీశైలము ఎడమగట్టున భూగర్భ కేంద్రమున 150 మెగావాట్లవి 6 కలవు. అయితే అవి కృష్ణానది నడకకు లోబడి, దిగువన నీరు నిలిచియున్నపుడే ఎత్తిపోయగలవు.

2022 మే నెలలో నంద్యాల జిల్లా పిన్నాపురమున శంకుస్థాపన జరిగిన పథకము ఈ నిర్బంధమును దాటుటకు నది వెలుపల రెండు జలాశయములను కల్పించినది. అందు 240 మెగావాట్ల యంత్రములు 6, 120 మెగావాట్లవి 2, వెరసి 1,680 మెగావాట్లు. వానికి తోడుగా 3,000 మెగావాట్ల సౌరశక్తియు, 550 మెగావాట్ల పవనశక్తియు ఒక్క ప్రణాళికలో చేరినవి. ఫలకములిచ్చు ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టర్లు గ్రిడ్డు లయకు సరిపడు ఏకాంతర విద్యుత్తుగా మార్చగా, మధ్యాహ్నపు మిగులు విద్యుత్తు నీటిని పైకెత్తును, సాయంకాలము ఆ నీరే దిగివచ్చి తీగలను నింపును. పంట ఇంటికి వచ్చిననాడు గాదె నింపుకొని, ఏడాది పొడవున తిను రైతు నేర్పే ఇది. ఆవిరియై పోవు నీటిని మాత్రము అప్పుడప్పుడు పూరించిన చాలును.

అయినను ప్రకృతి ఉచితముగా ఏదియు నియ్యదు. 100 యూనిట్లు వ్యయించి ఎత్తిన నీరు తిరిగి యిచ్చునది సుమారు 75 నుండి 80 యూనిట్లు. ఒక ఘనమీటరు నీరు 100 మీటర్లు దిగినను, నష్టములు లెక్కింపకయే, పావు యూనిట్టును స్వల్పముగా మించు విద్యుత్తే లభించును. కనుకనే ఉన్నతమైన కొండలును విశాలమైన జలాశయములును ఆవశ్యకములగుచున్నవి. ఆ స్థలములను ఎన్నుకొనునపుడు అడవులకును పల్లెలకును కలుగు నష్టమును ముందే తూచుట ధర్మము. ఇకమీదట ఒక సీమ విద్యుత్సంపదను పరచిన ఫలకముల మెగావాట్లతో కొలుచుట చాలదు. సూర్యాస్తమయానంతరము ఎన్ని గంటలు, ఎంత శక్తిని నిలుకడగా ఇయ్యగలదో లెక్కించి, ఆ లెక్కను బట్టియే ఎండకును గాలికిని నీటికిని పాలు పంచవలయును.