నువ్వు లేకుంటే ఆట సాగదు

కష్టాల్లో పెరిగే పిల్లలకు వేసవి శిబిరం ఏమివ్వగలదు? ఆటపాటలతో పాటు ‘ఇది నా చోటు, వీళ్లు నా వాళ్లు’ అనే భరోసా ఇవ్వగలదు. రంగారెడ్డి జిల్లా పల్లెలు ముప్పై ఏళ్ల కిందటే ఆ సంగతి రుజువు చేశాయి. అదే జిల్లాలోని మైలార్‌దేవ్‌పల్లి బస్తీలకు ఇప్పుడు ఆ అనుభవం అవసరం.

ఏడు వారాల ఖాళీ

ఏప్రిల్ చివరి వారంలో సర్కారు బడికి సెలవులిస్తారు. ఈమధ్య ఏళ్లలో మళ్లీ గంట మోగుతున్నది జూన్ 12న. నడుమ దాదాపు ఏడు వారాలు. అమ్మమ్మ ఊరున్న పిల్లలకు ఆ రోజులు మామిడిపళ్లు, తాటిముంజలు, బావిలో ఈతలు. మైలార్‌దేవ్‌పల్లిలో దుర్గానగర్ చౌరస్తా, లక్ష్మీగూడ, బాబుల్‌రెడ్డి నగర్ బస్తీల్లో ఎంతోమంది పిల్లలకు అమ్మమ్మ ఊరంటే రైలు ప్రయాణం, టికెట్ల ఖర్చు, అమ్మానాన్నల కూలి పోవడం. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి, మన పాలమూరు నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడ ఇరుకు గదుల్లో అద్దెకుంటాయి. పక్కనే కాటేదాన్ పారిశ్రామికవాడ. బిస్కెట్లు, ప్లాస్టిక్, ఇనుము, అట్టపెట్టెలు తయారుచేసే చిన్నాపెద్దా ఫ్యాక్టరీలు. అమ్మానాన్నలిద్దరూ డ్యూటీకి పోతే ఇంటికి పెద్దపిల్లే తల్లి. పదేళ్లకే వంట, తమ్ముడి స్నానం, నీళ్ల ట్యాంకర్ దగ్గర వరస ఆమె పనులైపోతాయి.

ఈ ఖాళీలో ఆ పిల్లలకు మూడు నష్టాలు జరుగుతాయి. మొదటిది మధ్యాహ్న భోజనం. బడి మూతపడితే పళ్లెం కూడా మూతపడుతుంది. 2016 కరువు వేసవిలో సుప్రీంకోర్టు ఆదేశంతో కరువు ప్రాంతాల బడుల్లో సెలవుల్లోనూ పిల్లలకు అన్నం పెట్టారు. తెలంగాణలోనూ పెట్టారు. అంటే చేయాలనుకుంటే అది అయ్యే పనే. రెండోది భాష. ఇంట్లో భోజ్‌పురి, గల్లీలో హిందీ, బడిలో తెలుగు అయిన పిల్లవాడు ఏడాదంతా కూడబెట్టుకున్న తెలుగు ఆ ఏడు వారాల్లో కొంతైనా మరిచిపోతాడు. మూడోది అన్నిటికన్నా పెద్దది. సెలవులే కదా అని వర్క్‌షాపులోనో, తుక్కు గోదాములోనో కుదిరిన పిల్లవాడి చేతిలో వారం జీతం పడుతుంది. జూన్ వస్తుంది, బడి తెరుస్తారు, వాడు రాడు.

ప్రభుత్వం వెతకడం లేదని కాదు. 2015 నుంచి ఏటా జనవరిలో ‘ఆపరేషన్ స్మైల్’, జులైలో ‘ఆపరేషన్ ముస్కాన్’ పేరిట పోలీసులు, కార్మిక శాఖ, పిల్లల సంరక్షణ విభాగాలు కలిసి ఫ్యాక్టరీలు, ఇటుక బట్టీలు, హోటళ్లు గాలిస్తున్నాయి. పనిలో ఉన్న పిల్లల్ని బయటికి తెస్తున్నాయి. అది జరగాల్సిందే. కానీ జులైలో ఫ్యాక్టరీలో వెతికి పట్టుకునే పిల్లవాడు మే నెలలో మన కళ్ల ముందే గల్లీలో తిరిగాడు. అప్పుడు వాడికో చోటు చూపించి ఉంటే జులైలో వెతకాల్సిన పనే ఉండేది కాదు. వేసవి శిబిరం ఎందుకన్న ప్రశ్నకు నా దృష్టిలో ఇంతకన్నా బలమైన జవాబు లేదు.

జీతం నుంచి బడికి

ఈ దారి మనకు కొత్త కాదు. 1987లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం బోధిస్తున్న శాంతా సిన్హా, విశ్వవిద్యాలయ విస్తరణ కార్యక్రమం కింద వెట్టి నుంచి బయటపడ్డ పిల్లల కోసం మూడు నెలల శిబిరం నడిపారు. దొరల దగ్గర, మోతుబరుల దగ్గర జీతానికున్న పిల్లలు వాళ్లు. పశువులు కాశారు, పేడ తీశారు, పలక మాత్రం పట్టలేదు. పలక చేతికిచ్చి, పక్కన కూర్చుని నేర్పితే ఆ పిల్లలు బడికి సిద్ధమయ్యారు.

ఆమె తాత మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991లో ఆ ఆలోచనను రంగారెడ్డి జిల్లా పల్లెలకు తీసుకెళ్లింది. అప్పట్లో చాలామంది నోట వినిపించే మాట ఒకటే: పేదింటి పిల్లలు పనిచేయకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది? ఫౌండేషన్ వలంటీర్లు ఇంటింటికీ తిరిగి అడిగినప్పుడు తల్లిదండ్రులు వేరే సంగతి చెప్పారు. బిడ్డ చదువుకుంటే మాకు సంతోషమే గానీ, పదేళ్ల వాణ్ని తీసుకెళ్లి ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే వాడుంటాడా? అడ్డం పేదరికం ఒక్కటే కాదన్నమాట. సిగ్గు కూడా అడ్డమే.

ఆ సిగ్గును దాటించడానికి పుట్టినవే బ్రిడ్జి కోర్సు క్యాంపులు. అక్కడ తరగతులుండవు, ఎవరికెంత వచ్చో దాన్నిబట్టి జట్లుంటాయి. మొదటి రోజుల్లో పాఠ్యపుస్తకం ఊసే ఉండదు. పాటలు, కథలు, పొడుపుకథలు, సామెతలు, దినపత్రికలోని పెద్దక్షరాలు. పశువుల్ని లెక్కపెట్టి ఇంటికి తోలుకొచ్చిన పిల్లవాడికి లెక్కలు రావని ఎవరనగలరు? వాడికి తెలిసిన లెక్కకే అంకె రాయడం నేర్పుతారు. తల్లిదండ్రులు వచ్చి చూసి వెళ్తారు. కొందరు పిల్లలు పారిపోతారు, వలంటీరు మళ్లీ ఇంటికి వెళ్లి పిలుచుకొస్తాడు. నెలలు గడిచాక వయసుకు తగ్గ తరగతిలో చేరుస్తారు, అవసరమైన వాళ్లకు సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు చూస్తారు. ఒకప్పుడు జీతానికున్న పిల్లలే పెద్దయ్యాక వలంటీర్లయి తమ ఊరి పిల్లల కోసం తిరిగిన సందర్భాలూ ఉన్నాయి. 1997లో ప్రభుత్వ ఉపాధ్యాయులే ‘బాలకార్మిక విమోచన వేదిక’గా ఏర్పడి ఈ పనికి భుజం కలిపారు.

బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రాన్ని ఫౌండేషన్ ఎన్నడూ వదులుకోలేదు. పది లక్షల మందికి పైగా పిల్లల్ని బడికి చేర్చామని ఆ సంస్థ లెక్క. శాంతా సిన్హాకు 1998లో పద్మశ్రీ, 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చాయి. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. అంతకన్నా విలువైన గుర్తింపు చట్టంలో ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం బడికి దూరమైన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివారిని అందుకునేదాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పల్లెల్లో శిబిరాలు నడిపిన వాళ్లకు అనుభవంతో తెలిసిన సంగతే దేశమంతటికీ హక్కయింది.

కలిసి చేసే పని

పిల్లల్ని ఒకచోట చేర్చినంత మాత్రాన వాళ్లు ఒకటైపోరు. దీన్ని లోతుగా చూసినవాడు ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో రాబర్స్ కేవ్ అనే చోట 22 మంది అబ్బాయిలకు వేసవి శిబిరం పెట్టి, రెండు జట్లు చేశాడు. పోటీలు మొదలయ్యాయో లేదో తిట్లు, జెండాలు తగలబెట్టుకోవడాలు, గదుల మీద దాడులు. రెండు జట్లనూ కలిపి అన్నం పెట్టినా, సినిమా చూపించినా కోపం తగ్గలేదు. నీళ్ల సరఫరా ఆగిపోయి అందరూ కలిసి వెతకాల్సి వచ్చినప్పుడు, తిండి తెచ్చే లారీ కదలక అందరూ కలిసి తాడుతో లాగాల్సి వచ్చినప్పుడు తగ్గింది. అయితే తమ మీద ప్రయోగం జరుగుతోందని ఆ పిల్లలకు తెలియదు. పిల్లల మీద అలాంటి ప్రయోగం ఇవాళ ఎవరూ చేయకూడదు. కానీ అది చెప్పిన సంగతి మైలార్‌దేవ్‌పల్లికి అక్షరాలా పనికొస్తుంది.

ఇక్కడ ఒకే గల్లీలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే పిల్లలుంటారు. వాళ్లను ‘లోకల్’, ‘బిహారీ’ అని జట్లు చేసి కబడ్డీ ఆడిస్తే సాయంత్రానికి ఆ గీత ఇంకా లోతుగా పడుతుంది. జట్లను రోజూ కలిపేయాలి. పోటీ కన్నా పని ఎక్కువ ఉండాలి. ఇవాళ నీళ్ల కుండ నింపే బాధ్యత ఎవరిది, హాజరు పిలిచేదెవరు, వడ్డించేదెవరు, చిన్నపిల్లల్ని రోడ్డు దాటించేదెవరు? ‘నువ్వు లేకుంటే ఈ పని ఆగిపోతుంది’ అని ఒక బిడ్డకు అర్థమైన రోజున ఆ చోటు వాడిదవుతుంది. బహుమతిగా ఇచ్చిన బ్యాగు, టీషర్టు ఆ భరోసా ఇవ్వలేవు. ఇన్నాళ్లూ తీసుకునే చెయ్యిగానే చూసిన పిల్లవాణ్ని, ఇచ్చే చెయ్యిగా చూడటమే శిబిరం చేయగల గొప్ప పని.

మన అన్నయ్యలు, అక్కయ్యలు

బీద పిల్లల కోసం వేసవి శిబిరాల చరిత్ర చాలా పాతది. 1876లో హెర్మాన్ వాల్టర్ బియాన్ అనే పాస్టరు జ్యూరిక్ నగరంలోని 68 మంది పేద పిల్లల్ని అప్పెన్‌జెల్ కొండలకు తీసుకెళ్లాడు. ఆ మరుసటి ఏడాదే న్యూయార్క్ పిల్లల కోసం అలాంటి ప్రయత్నం మొదలైంది. వాళ్లు పిల్లలకు మంచి గాలి, మంచి తిండి కావాలనుకున్నారు. మన దగ్గర న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఇంకో సంగతి కూడా గుర్తించారు. పిల్లలకు వేదిక కావాలి, వాళ్ల మాట వినేవాళ్లు కావాలి. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగునాట ప్రతి ఇంటికీ చేరిన ఆ జంట బాలానంద సంఘం స్థాపించి తరాల పిల్లల చేత పాడించింది, ఆడించింది. ఆ పిలుపులోని చనువు ఇవాళ్టి శిబిరానికీ కావాలి. వలంటీరు సారు, మేడమ్ కాకుండా అన్న, అక్క అయినప్పుడే బిడ్డ తన ఇంటి కష్టం నోరు విప్పి చెబుతుంది.

శిబిరం ఎంతదూరం తీసుకెళ్లగలదో చూడాలంటే మాలావత్ పూర్ణను తలుచుకోవాలి. నిజామాబాద్ జిల్లా పాకాల తండాలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. భువనగిరి కొండ మీద శిబిరంలో బండలెక్కడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమెతో ఎక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్‌దీ గురుకులమే. ప్రతి బిడ్డా ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు. ప్రతి బిడ్డకూ ఒక కొండ చూపించి, తాడు పట్టుకుని కింద నిలబడే మనిషి ఉండాలి.

మైలార్‌దేవ్‌పల్లిలో ఎలా?

ఒక దారి ఇప్పటికే ఉంది. జీహెచ్‌ఎంసీ ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఆటల శిక్షణ శిబిరాలు పెడుతుంది. రుసుము నామమాత్రమే. కానీ మైదానం బస్తీకి దూరమైతే, నడుమ లారీల రోడ్డు ఉంటే, తమ్ముణ్ని చూసుకునే పెద్దపిల్ల అక్కడికి వెళ్లలేదు. అందుకే శిబిరం బస్తీలోకి రావాలి. సర్కారు బడి భవనాలు ఆ వారాల్లో ఖాళీగానే ఉంటాయి. గదులున్నాయి, నల్లా ఉంది, మరుగుదొడ్లున్నాయి. తాళం తీయాలి. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ వెంట రానివ్వాలి. పక్కన అంగన్‌వాడీ సాయం తీసుకుంటే వాళ్లను చూసేవాళ్లుంటారు, పెద్దపిల్లకు ఆడుకునే తీరిక దొరుకుతుంది.

సమయం డ్యూటీ వేళలను బట్టి ఉండాలి. ఎండ ముదరకముందే ఆటలు, మధ్యాహ్నం నీడలో కథలు, బొమ్మలు, చదువు. వేడి అన్నం తప్పనిసరి. భాష విషయంలో తొందర పనికిరాదు. ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు ఒడియాలోనే చెప్పే బడులు తెలంగాణలో నడిచాయి. అదే పద్ధతిలో ఇక్కడ మొదటి వారం ఎవరి భాషలో వాళ్లు కథ చెప్పుకోనివ్వాలి, ఆ తర్వాత ఆ పిల్లల మధ్యకు తెలుగు తనంతట తానే వస్తుంది. 2020 అక్టోబరు వరదలో ఇక్కడి అలీనగర్ వంటి కాలనీలు ఇళ్లనూ మనుషుల్నీ పోగొట్టుకున్నాయి. అలాంటి భయం మనసులో ఉన్న పిల్లలకు బొమ్మలు గీయడం, నాటకం ఆడటం కాలక్షేపం కాదు, ఊరట.

భద్రత గురించి ఒక్క మాట. పిల్లలతో పనిచేసే ప్రతి మనిషి వివరాలూ ముందే సరిచూసుకోవాలి. ఏ పెద్దమనిషీ ఒక బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. మహిళా వలంటీర్లు సగానికి తగ్గకూడదు. పిల్లల సహాయవాణి 1098 నంబరు గోడ మీద పెద్దక్షరాల్లో, అన్ని భాషల్లో ఉండాలి. పిల్లల ఫొటోలు తీసి దాతలకు పంపే అలవాటు మానాలి. కష్టం చూపించి చందా అడిగితే ఆ బిడ్డకు మనం ఇచ్చిన చోటును మనమే లాగేసుకున్నట్టు.

పరీక్ష జూన్‌లో

శిబిరం ఎంత బాగా జరిగిందో ముగింపు సభలో తెలియదు. బడి తెరిచిన రోజు హాజరుపట్టీలో తెలుస్తుంది. శిబిరానికి వచ్చిన ప్రతి బిడ్డ పేరూ జూన్‌లో ఏదో ఒక బడిలో ఉండాలి. పుట్టినతేదీ పత్రం లేదని, టీసీ లేదని వెనక్కి పంపడానికి వీల్లేదు. విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ‘బడిబాట’లో ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగే రోజుల్లో శిబిరం వలంటీర్లు వెంట ఉంటే, ఏ గదిలో ఏ బిడ్డ ఉందో వాళ్లు చూపించగలరు. చేరిన తర్వాత మొదటి మూడు నెలలు వారానికోసారైనా వెళ్లి పలకరించాలి. పిల్లలు మళ్లీ బడి మానేసే ప్రమాదం అప్పుడు ఉంటుంది.

కాటేదాన్ ఫ్యాక్టరీల యజమానులకు ఒక విన్నపం. మీ కార్మికుల పిల్లల కోసం ఒక పూట భోజనం, ఒక గది, నెలన్నర పాటు ఇవ్వండి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమని మీ గేటు దగ్గర రాయించండి. కార్పొరేటర్లూ, ప్రధానోపాధ్యాయులూ, ఏప్రిల్‌లోనే బడి తాళాల సంగతి తేల్చండి. రాజేంద్రనగర్, శంషాబాద్‌ల చుట్టుపక్కల కాలేజీల్లో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ పరీక్షలయ్యాక వచ్చే సెలవుల్లో రోజుకు రెండు గంటలు ఒక బస్తీకి ఇవ్వండి. మీకు వచ్చిన ఆట నేర్పండి, మీకు తెలిసిన కథ చెప్పండి, వాళ్ల కథ వినండి. పిల్లలు రావడానికి సిద్ధంగానే ఉన్నారు. తలుపు తీయాల్సింది మనమే.