ఇంటి వైఫైకి తాళము

పుదుచ్చేరికి చెందిన యానాము పట్టణమున గౌతమీ గోదావరి గాలికై జనులు కిటికీలు తెఱచియుంచుదురు. రాత్రివేళ వీధి తలుపునకు మాత్రము మఱవక గడియ వేయుదురు. ఇంటిలోని వైఫై పెట్టె మాట వేఱు. దాని రేడియో తరంగములు గోడలు దాటి పొరుగింటి వసారాకును, వీధికిని పోవును. వాని నాపుట మన వశము కాదు. పరుల ప్రవేశము నడ్డునది సంకేతపదము.

“ఎవరైన వాడుకొన్నచో మనకేమి నష్టము?” అని కొందఱందురు. 2008 జులైలో అహమ్మదాబాదు పేలుళ్లకు కొంచెము ముందు దుండగులు పంపిన ఈ-మెయిలు నవీ ముంబైలో ఒక గృహస్థుని భద్రతలేని వైఫై మీదుగా వెడలెను. ఆయన యెఱుగని పనికి రక్షకభటులు ఆయన యింటికే వచ్చిరి.

ఫోను నంబరునే సంకేతపదముగా నుంచుట మనవారికి పరిపాటి. మఱచిపోమను మాట నిజమే! కాని దొంగ మన గుమ్మమున నిలిచి ఒక్కొక్క నంబరును ప్రయత్నింప నక్కఱలేదు. మన ఫోను వైఫైతో కలియునపుడు జరుగు పలకరింపును గాలినుండి పట్టుకొనిపోయి, తన యింట తీరికగా ఊహలను సరిచూచుకొనును. పది అంకెల ఫోను నంబరులన్నియు శక్తిమంతమైన కంప్యూటరునకు కొన్ని గంటల పని. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగైదు తెలుగు మాటలను ఆంగ్లలిపిలో కూర్చినచో మనకు గుర్తుండును, వానికి చిక్కదు. 2018లో వెలువడిన డబ్ల్యూపీఏ3 పద్ధతిలో ఇట్టి చాటుమాటు లెక్కకు తావు లేదు. పాత పెట్టెలలో డబ్ల్యూపీఏ2 యైనను ఉండవలెను.

పెట్టె అమరికలను మార్చుటకు వేఱొక సంకేతపదము కలదు. పెట్టెతో వచ్చిన ‘అడ్మిన్’ అను మాటనే పలువు రుంచుదురు. అది ఊరందఱి చేతనున్న తాళపుచెవి. పెట్టె బిగించిన నాడే దానిని మార్చవలెను.