సముద్రంలో పడ్డ రాకెట్టు

1979 ఆగస్టు 10 ఉదయం 7 గంటల 58 నిమిషాలకు శ్రీహరికోట ఒడ్డు నుంచి సన్నటి, పొడవాటి రాకెట్టు ఒకటి పైకి లేచింది. ఎత్తు 22 మీటర్ల పైచిలుకు, బరువు 17 టన్నులు, పేరు ఎస్‌ఎల్‌వీ-3. మొదటి దశ అనుకున్నట్టే మండింది. రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లకల్లా పని అయిపోయింది. తలమీద మోసుకెళ్తున్న ఉపగ్రహంతో సహా ఒడ్డుకు 560 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో పడింది.

ప్రాజెక్టు ఖర్చు సుమారు 20 కోట్ల రూపాయలు. జనం సొమ్ము తెచ్చి సముద్రంలో పోస్తారా అని విలేకరులు నిలదీశారు.

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే ఇందులో ఒక తమాషా ఉంది. శ్రీహరికోటను ఎంచుకున్నదే రాకెట్టు ముక్కలు సముద్రంలో పడాలని. 1969లో ఈ చోటు ఖాయం చేసేనాటికి అదొక సరుగుడు, నీలగిరి తోటల దీవి. ఒకవైపు పులికాట్ సరస్సు, ఇంకోవైపు సముద్రం. మద్రాసు పొయ్యిల్లోకి వంటచెరకు ఇక్కణ్నుంచి బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో వెళ్లేది. యానాదులు తప్ప పెద్దగా జనం లేరు. తూర్పున ఎంత దూరం చూసినా నీళ్లే. భూమి తిరిగేది కూడా తూర్పుకే కనుక, ఇక్కడ కదలకుండా నిలబడ్డ రాకెట్టుకు సైతం గంటకు 1,600 కిలోమీటర్ల వేగం ఉచితంగా దొరుకుతుంది. ఉపగ్రహం కక్ష్యలో నిలవాలంటే దాదాపు 28,000 కావాలి. అందులో ఆ మాత్రం కలిసిరావడం చిన్న విషయమేమీ కాదు. ఇక కాలిపోయిన దశలంటారా, ప్రయోగం నూటికి నూరుపాళ్లు నెగ్గినా అవి పడేది సముద్రంలోనే. కాబట్టి అసలు అడగాల్సింది ఎందుకు పడిందని కాదు, ఎందుకంత ముందుగా పడిందని.

ఎస్‌ఎల్‌వీ-3లో నాలుగు దశలు, నాలుగింట్లోనూ ఘన ఇంధనమే. రబ్బరులా గట్టిపడే ముద్దను గొట్టంలో పోతపోసి అంటిస్తారు. ఒకసారి అంటుకుంటే ఆర్పడం, తగ్గించడం కుదరదు. అందుకే మండించడం కంటే తిన్నగా నడిపించడమే కష్టం. దారి ముందే లెక్కగట్టి రాకెట్టు జ్ఞాపకంలో పెట్టేశారు. ఏ క్షణాన ఎంత వంగాలో దానికి తెలుసు. వంగడానికి మాత్రం ప్రతి దశకూ విడిగా ఏర్పాటు ఉండాలి. మొదటి దశకు రెక్కల కొసలు, నాజిల్‌లోకి ద్రవం చిమ్మే పద్ధతి. రెండో దశకు పక్కల చిన్న చిన్న ఇంజన్లు, వాటిలో పొగలు గక్కే ఎర్రటి నత్రికామ్లం, హైడ్రజీన్ కలిసి మండుతాయి. మూడో దశకు హైడ్రజీన్ ఒక్కటే. నాలుగోది బొంగరంలా తిరుగుతూ నిలదొక్కుకుంటుంది.

దీన్ని అమెరికా స్కౌట్ రాకెట్టుకు నకలు అన్నవాళ్లున్నారు. పోలిక నిజమే. 1960లో తొలిసారి ఎగిరిన స్కౌట్‌లోనూ నాలుగు ఘన దశలే, ఆకారమూ దగ్గరిదే. 1963లో అమెరికాకు శిక్షణకు వెళ్లిన మనవాళ్లలో, తర్వాత ఎస్‌ఎల్‌వీ-3 మిషన్ డైరెక్టరైన అబ్దుల్ కలాం కూడా ఉన్నారు. స్కౌట్ ఎగిరే వాలప్స్ దీవిలోనూ ఆ శిక్షణ సాగింది. అయితే చూసి వచ్చిన బొమ్మ ఇంధనం కలపడం నేర్పదు, గొట్టంలో పోతపోసేటప్పుడు పగుళ్లు రాకుండా చూడటం నేర్పదు. ఇంకో సంగతి. స్కౌట్ రెండో దశను నడిపింది హైడ్రోజన్ పెరాక్సైడ్ జెట్లు. మనం పెట్టుకున్నది నత్రికామ్లం. అంటే 1979లో దెబ్బతిన్న భాగం నకలు కానేకాదు, సొంతంగా వేసుకున్న దారి. నకలు అని వెక్కిరించినవాళ్లకు ఈ ముక్క ఎవరైనా చెప్పారో లేదో! తొలి ఏళ్లలో స్కౌట్ కూడా పలుమార్లు కూలింది. ఆ లెక్క మాత్రం ఎవరూ నకలు ఖాతాలో వేయలేదు.

ఈ ఆమ్లంతో పేచీ అంతకుముందే మొదలైంది. నేలమీద రెండో దశ నియంత్రణ వ్యవస్థను పరీక్షిస్తుండగా ఒక వాల్వు స్పందించలేదు. చూద్దామని మనుషులు దగ్గరికెళ్లారు. నత్రికామ్లం నిండిన ట్యాంకు పగిలి మీద చిమ్మింది. ఆరుగురు కాలిన గాయాలతో తిరువనంతపురం వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరారు. ఈ యంత్రం చరిత్ర రాసేటప్పుడు కోట్ల లెక్కకు ముందు ఈ లెక్క రాయాలని నా అభిప్రాయం.

ఆగస్టు 10న కూడా తప్పు చేసింది వాల్వే. కౌంట్‌డౌన్ చివరి నిమిషాల్లో సోలెనాయిడ్ వాల్వు ఒకటి లోపల మలినం చేరి సరిగా మూసుకోలేదు. నత్రికామ్లం కారింది. కంప్యూటర్ గుర్తించి కౌంట్‌డౌన్ ఆపేసింది. పక్కనున్న నిపుణులు భయం లేదు, సరిపడా నిల్వ ఉందన్నారు. మిషన్ డైరెక్టర్ కలాం కంప్యూటర్‌ను పక్కనపెట్టి ప్రయోగానికి సరేనన్నారు. ఇది తర్వాతి ఏళ్లలో ఆయనే ఎన్నో సభల్లో చెప్పుకున్న సంగతి. రెండో దశ వచ్చేసరికి తిప్పడానికి కావాల్సిన ఆమ్లం మిగల్లేదు. ఇంధనం మండుతోంది, దిశ చెప్పేవాడు లేడు.

ఆనాటి పత్రికా సమావేశంలో కలాం బదులు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ మాట్లాడారు. విఫలమయ్యాం, నా జట్టుకు అండగా ఉంటాను, మళ్లీ ప్రయత్నిస్తాం అన్నది ఆయన మాటల సారాంశం. నిద్రాహారాలు లేక గదికెళ్లి పడుకున్న కలాంను భుజం తట్టి లేపి భోజనానికి తీసుకెళ్లింది విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం డైరెక్టర్ బ్రహ్మప్రకాశ్. మనకు ఈ కథ ఇంతవరకే చెబుతారు, పెద్దమనసు కథగా. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది తర్వాత జరిగిన సమీక్ష. బయటివాళ్ల ముందు కాపాడిన పెద్దలు లోపల ఏ తప్పునూ కప్పలేదు. ఏ దశలో, ఏ సెకనులో, ఏ వాల్వు అన్నంతవరకూ తవ్వించారు. లీకు సంగతి తెలిసి కూడా చిన్నదనుకున్నది తానేనని, ప్రయోగం ఆపి ఉండాల్సిందని కలాం ఆ సమావేశంలో లేచి చెప్పారు. బయటి విమర్శకు డబ్బు కనిపించింది. లోపలి విమర్శకు మలినం కనిపించింది. రెండోది సాగాలంటే మొదటిదాన్ని ఎవరో ఒకరు తన ఒంటిమీద వేసుకోక తప్పదు.

అలా వేసుకునేవాళ్లు లేక ముడుచుకుపోయినవాడు అమెరికా రాకెట్టు శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్. 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం ఆయన్ను బడిపిల్లల పాటి భౌతికశాస్త్రం కూడా రానివాడని వెక్కిరించింది. శూన్యంలో రాకెట్టు దేన్ని నెట్టుకుని కదులుతుందన్నది ఆ పత్రిక సందేహం. గొడార్డ్ పత్రికలకు దూరమయ్యారు, తోటివారితో లెక్కలు పంచుకోవడమూ తగ్గించారు. 1926లో ప్రపంచపు తొలి ద్రవ ఇంధన రాకెట్టును ఎగరేసింది ఆయనే. పత్రిక తన పొరపాటు దిద్దుకున్నది 1969 జులై 17న, అపోలో-11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు. అప్పటికి గొడార్డ్ పోయి 24 ఏళ్లు.

శ్రీహరికోటలో అంతకాలం పట్టలేదు. 1980 జులై 18 ఉదయం 8 గంటల 3 నిమిషాలకు ఎస్‌ఎల్‌వీ-3 మళ్లీ లేచింది. ఈసారి నాలుగు దశలూ వరుసగా పనిచేశాయి. 35 కిలోల రోహిణి ఉపగ్రహం 305, 919 కిలోమీటర్ల ఎత్తుల మధ్య కక్ష్యలో చేరింది. కుర్రాళ్లు కలాంను భుజాలకెత్తుకున్నారు. ఆరోజు విలేకరులతో మాట్లాడమని ధావన్ కలాంనే పంపారు. మూడు దశలు ఆరోజూ సముద్రంలోనే పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత యంత్రం బతుకు ఎక్కువ కాలం సాగలేదు. 1981 మేలో ఎగిరింది గానీ కక్ష్య తక్కువై ఉపగ్రహం తొమ్మిది రోజులకే రాలిపోయింది. 1983 ఏప్రిల్ 17న కెమెరా ఉన్న 41.5 కిలోల రోహిణిని సరిగ్గా నిలిపింది. నాలుగు ప్రయోగాలతో విశ్రాంతి. నలభై కిలోలు మోసే బండితో దేశానికి ఇక పని లేదు.

భాగాలు మాత్రం వేరే యంత్రాల్లో బతికాయి. నాలుగో దశ మోటారు నమూనా 1981లో ఐరోపా వారి ఏరియన్ రాకెట్టుపై వెళ్లిన మన యాపిల్ ఉపగ్రహాన్ని దాని కక్ష్యకు చేర్చింది. మొదటి దశ గొట్టాలే తర్వాతి రాకెట్టు ఏఎస్‌ఎల్‌వీకి ఇరువైపులా కట్టిన బూస్టర్లయ్యాయి. ఆ ఏఎస్‌ఎల్‌వీ 1987లోనూ 1988లోనూ సముద్రం పాలైంది, సొమ్ము మాట మళ్లీ లేచింది. అప్పటికి కలాం హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలకు వెళ్లిపోయారు, ధావన్ పదవీ విరమణ చేశారు. 1992లో మూడో ఏఎస్‌ఎల్‌వీ ఎట్టకేలకు కక్ష్య చేరుకుంది. తర్వాత వచ్చిన పీఎస్‌ఎల్‌వీ నడుం చుట్టూ కట్టిన ఆరు బూస్టర్లు కూడా ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశ వారసులే.