తుపాకి వెల



చింతపండు మొదలు బంగారుగొలుసు వరకు ఇంటికి వచ్చు వస్తువుల వెలలు మనకు కంఠస్థములే. తుపాకి వెల మాత్రము మనమెన్నడు నడిగి యెరుగము. అయినను మా సబ్బవరము ప్రాంతమున పురుషులు ఉక్కు కర్మాగారమునకు రాత్రి షిఫ్టునకు పోగా, పసిపిల్లలతో నొంటిగా నుండు ఇల్లాండ్రు కొందరు “ఇంట నొక తుపాకి యున్న ధైర్యము గదా! అది యెంతకు దొరకును?” అని మమ్మడుగుచున్నారు. అందుచేత నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తుపాకి డబ్బు చెల్లించిన మాత్రమున దొరకు సరుకు కాదు. ఆంగ్లేయులు 1878లో చేసిన చట్టముచే లైసెన్సు లేనివారికి ఆయుధము లభింపదయ్యెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులను, తూటాలను గైకొనవలసి వచ్చుటకు నిదియే కారణము. అంగడిలో నవి యాయనకు దొరకునవి కావు. స్వతంత్ర భారతమున 1959లో క్రొత్త చట్టము వచ్చినను లైసెన్సు నియమము తొలగలేదు.

ఇప్పుడు కొనగోరువారికి 21 సంవత్సరములు నిండి యుండవలెను. సబ్బవరము 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలోనిది గాన, అర్జీ ఆ జిల్లా కలెక్టరుగారికే పెట్టుకొనవలెను. పోలీసు విచారణ జరుగును. ఆయుధము వాడుటలో శిక్షణ పొందవలెను. లైసెన్సు చేతికి వచ్చిన పిదపనే దుకాణదారుడు తుపాకి చూపును. తూటాలును అంతే, లైసెన్సులో వ్రాసిన రకము, వ్రాసిన సంఖ్య మించి యొక్కటియైన నమ్మరాదు.

ఇక వెల. ఢిల్లీలో 2012 డిసెంబరున జరిగిన ఘోరము తరువాత, కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారము 2014లో స్త్రీలకొరకని ‘నిర్భీక్’ అను రివాల్వరును చేసెను. బరువు సుమారు 500 గ్రాములు. నగలపెట్టె వంటి పెట్టెలో నమర్చి యిచ్చిరి. అప్పటి వెల 1,22,360 రూపాయలు! ఆ సొమ్ము ఎందరు కూలి తల్లులు కన్నుల జూచి యుందురు? అటుపై 2025 సెప్టెంబరు 22 నుండి రివాల్వరులు, పిస్తోలులపై పన్ను 28 శాతము నుండి 40 శాతమునకు పెరిగెను. లక్ష రూపాయల రివాల్వరునకు నలుబదివేలు పన్నే! 1980ల నడుమ సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయినది గాన, అంతకు ముందు వచ్చిన పాతవి చేతులు మారుచు మరింత ప్రియమగుచున్నవి. వెలకు వెరచి దొంగచాటున నాటు తుపాకి కొందమన్న, లైసెన్సు లేని తుపాకికి రెండేండ్లకు తక్కువ గాని జైలు. అది యైదేండ్ల వరకు పోవచ్చును.

వెల చెల్లించుటతో ఖర్చు తీరునా? తుపాకి పిల్లల చేతికందని చోట తాళములో నుండవలెను. తాళములో నున్నది అర్ధరాత్రి దొంగ పైబడినప్పుడు చేతికి వచ్చుటెట్లు? దిండు క్రింద నుంచిన బిడ్డల మాట యేమి? సత్యభామ నరకునిపై విల్లెత్తినదని మనము మురియుదుము. ఆమె విలువిద్య నెరిగి యెత్తినది. అభ్యాసము లేని చేతి యాయుధము శత్రువు చేతికే పోవును.

మరియొక మాట. కొన్ని యిండ్లలో మామగారి నాటి పన్నెండు బోరు తుపాకి అటకమీద నుండును. లైసెన్సుదారుడు గతించిన పిదప దానిని జ్ఞాపకార్థమని దాచుట నేరము. జాగు సేయక దగ్గరి పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల ఆయుధ దుకాణమున గాని అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. వారసులకు కావలసిన, తమ పేర లైసెన్సు కోరవచ్చును. 2019 సవరణ ననుసరించి యొకరికి రెంటికి మించి తుపాకులుండరాదు.

నిజముగ ప్రాణభయము గలవారు అర్జీ పెట్టుకొనుట తప్పని మేమనము. తక్కినవారికి గట్టి తలుపుగడియ, వీధి దీపము, పిలిచిన పలుకు పొరుగింటి అక్క, 112 నెంబరు ఇంతకంటె చౌక, ఇంతకంటె దగ్గర. ముందు వానిని సమకూర్చుకొని, పిదప తుపాకి వెల నడుగుదము.