పాము పెట్టెలో 'సరైన' ఉష్ణోగ్రత ఎంత?

మింగిన ఎలుకను మూడో రోజు పాము అలాగే కక్కేస్తే, పెంచేవారు ఎలుకలోనే ఏదో దోషం ఉందనుకుంటారు. మరీ పెద్ద ఎలుకను వేయడం, మేత తిన్న వెంటనే పామును చేతుల్లోకి తీసుకోవడం, ఏదైనా జబ్బు... కారణాలు చాలానే ఉండొచ్చు. అయితే మొదట పరిశీలించాల్సింది పెట్టెలోని వేడిని. జీర్ణరసాల్లోని ఎంజైములు చురుగ్గా పనిచేయాలంటే తగినంత వెచ్చదనం కావాలి. అది అందకపోతే ఎలుక అరగకముందే కడుపులో కుళ్ళడం మొదలవుతుంది.

పాములను 'శీతల రక్త జీవులు' అంటుంటాం. ఈ మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఎండ కాచుకున్న పాము రక్తం దాదాపు మన రక్తమంత వెచ్చగా ఉండొచ్చు. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందన్నదే తేడా. మనిషి తిన్న ఆహారంలో పెద్ద భాగం ఒంటిని 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపడానికే ఖర్చవుతుంది. పాము ఆ ఖర్చు పెట్టుకోదు. తిన్నాక వెచ్చని చోటు వెతుక్కుంటుంది, వేడి ఎక్కువైతే నీడలోకి జరుగుతుంది. దాని థర్మోస్టాట్ దాని కదలికే. రోజుల తరబడి తిండి లేకుండా గడపగలగడానికి ఈ పొదుపే ముఖ్య కారణం.

అందుకే పెట్టెకు ఒకే ఉష్ణోగ్రత సరిపోదు, ఒక కొస నుంచి మరో కొసకు తేడా ఉండాలి. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్‌కు వెచ్చని కొసలో 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని కొసలో 25 నుంచి 27 డిగ్రీలు అనువుగా ఉంటాయి. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు కార్న్ స్నేక్‌కు రెండు కొసల్లోనూ రెండు మూడు డిగ్రీలు తక్కువే చాలు. దాక్కునే గూడు కూడా రెండు వైపులా ఉండాలి. చల్లని వైపు మాత్రమే గూడు ఉంటే, బెరుకుగా ఉండే పాము వేడిని వదులుకుని అక్కడే ఉండిపోతుంది. (నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి దేశీయ పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి సైట్స్ ఒప్పందపు జాబితాలోని విదేశీ జాతులను అధికారుల వద్ద నమోదు చేయించాలి.)

థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ మరో ప్రమాదం. పొట్ట కింద వేడి ప్రమాదకరంగా పెరుగుతున్నా పాము చాలాసార్లు అక్కడి నుంచి కదలదు. పొలుసులు కాలిపోయాక గానీ సంగతి బయటపడదు. కాబట్టి థర్మోస్టాట్ సెన్సర్ పాము పడుకునే చోట, నేల మట్టంలో ఉండాలి. గోడకు అంటించిన థర్మామీటరు ఆ గోడ దగ్గరి సంగతే చెబుతుంది. కోవిడ్ రోజుల్లో అలవాటైన తుపాకీ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును గాజు బయటి నుంచి గురిపెట్టినా ప్రయోజనం లేదు. వస్తువులు వెదజల్లే ఆ తరంగాలు మామూలు గాజును దాటలేవు, అందువల్ల తెర మీద కనిపించేది గాజు ఉష్ణోగ్రతే. తలుపు తెరిచి కొలవాలి.

పాముల పెంపకంపై దొరికే సూచనలు ఎక్కువగా బ్రిటన్, అమెరికాల్లో రాసినవి. అక్కడి సమస్య చలి. మే నెలలో విజయవాడలోనో నాగ్‌పూర్‌లోనో ఏసీ లేని గది 38 డిగ్రీలు దాటితే, హీటర్ ఆపేసినా పెట్టెలో చల్లని కొస అంటూ మిగలదు. 40 డిగ్రీల దగ్గర చాలా పాములు ఎక్కువసేపు తట్టుకోలేవు. వాటికి చెమట పట్టదు గనుక ఫ్యాను గాలి మనకిచ్చే హాయి వాటికి దొరకదు. గాజు పెట్టెను కిటికీ ఎండలో పెడితే ఇంకా ప్రమాదం, లోపలి గాలి నిమిషాల్లో వేడెక్కుతుంది.

పెట్టెలో సగం పైకప్పు మీద తడి గుడ్డ పరచడం మంచి ఉపాయం. ఒక గ్రాము నీరు ఆవిరవుతూ సుమారు 2,400 జౌళ్ళ వేడిని పీల్చుకుంటుంది, కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇలాగే. రాయలసీమ, తెలంగాణల పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నం, చెన్నైలలో అంత ఫలితం ఉండదు. అక్కడ గడ్డకట్టించిన నీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి, పెట్టెకు బయట ఒక కొసకు మాత్రమే ఆనించాలి. రెండో కొసను వదిలేస్తే ఎటు జరగాలో పాము చూసుకుంటుంది. చలికాలంలో ఉత్తరాదిన కరెంటు పోయినప్పుడు ఇదే పద్ధతిలో వేడినీళ్ళ సీసా వాడొచ్చు. పాము నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, వేళ్ళాడిపోయినా చిట్కాలతో కాలయాపన చేయకుండా సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. అలాంటి వైద్యులు అన్ని ఊళ్ళలోనూ దొరకరు గనుక, ఆ చిరునామా ఎండాకాలం రాకముందే తెలుసుకుని ఉంచుకోవాలి.