ఇన్‌స్క్రిప్ట్‌తో మూడు నెలలు

పదిహేనేళ్లుగా నేను తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతున్నాను. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీఎస్ పద్ధతి వేళ్లకి అంటుకుపోయింది. ఆదివారాలు అమ్మ ఫోనులో పాత కబుర్లు చెబుతుంటే, ఆవిడ మాట వెంటే రాసుకోగలిగేవాణ్ణి. ఒకరోజు మా అబ్బాయి నా చేతులకేసి చూసి, "నువ్వు రాసేది తెలుగా, ఇంగ్లీషా?" అన్నాడు. జవాబు తట్టలేదు. ఆ రాత్రే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నాను. విండోస్‌లో, లినక్స్‌లో అది ఎప్పటినుంచో ఉన్నదే, మనమే చూడం.

దాని అమరిక మన అక్షరమాలదే. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు చాలామటుకు కుడివైపు. 'క' ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కితే 'ఖ', 'గ' మీటకి 'ఘ'. హిందీకీ, కన్నడానికీ ఇవే చోట్లు. "కమల" అని కొట్టాలంటే ఆర్టీఎస్‌లో ఆరు నొక్కులు, ఇందులో మూడు. ("తెలుగు"కి మాత్రం రెండింట్లోనూ ఆరే!)

ఇదంతా కాగితం మీద. మొదటి ఆదివారం అమ్మ 1986 గోదావరి వరద గురించి, అటక మీద గడిపిన రాత్రి గురించి చెప్పింది. నాకు దక్కినవి నాలుగు వాక్యాలు. "ఏరా, వింటున్నావా?" అంటుంది. నేను 'ణ' కోసం వెతుకుతున్నాను. ఆవిడకి ఎనభై దాటాయి. ఈ పంతం కోసం ఆవిడ మాటలు పోగొట్టుకుంటున్నానా అని నిజంగా భయం వేసింది. రెండుసార్లు ఆర్టీఎస్‌కి తిరిగి వెళ్లాను కూడా.

అప్పుడు చదివాను, బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు 1978లో ప్రచురించిన పరిశోధన. బ్రిటన్ తపాలా ఉద్యోగులకి టైపింగు నేర్పారు. రోజుకి ఒక్క గంటే నేర్చుకున్నవాళ్లకి, నాలుగు గంటలు కూర్చున్నవాళ్లకంటే మొత్తమ్మీద తక్కువ గంటల్లోనే పని పట్టుబడింది. తమాషా ఏమిటంటే, ఎక్కువ అసంతృప్తిగా ఉన్నది ఆ ఒక్క గంట వాళ్లే. మిగతావాళ్లకంటే వెనకబడ్డామని వాళ్ల బెంగ! నా చిరాకుని కొలతగా తీసుకోవడం మానేశాను. పొద్దున్నే గంటసేపు సాధన, అంతే.

అమ్మకి మాత్రం ఉన్నమాట చెప్పేశాను: "కొత్తగా నేర్చుకుంటున్నానమ్మా, కాస్త ఆగి ఆగి చెప్పు." వరద కథ మళ్లీ మొదలుపెట్టింది. నేను వాక్యం ముగించేదాకా ఆగుతూ, ఆ అటక మీద ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఎవరి పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకున్నారో పేరుపేరునా చెప్పింది. మొదటిసారి ఆ పేర్లు లేవు.

ఇప్పుడు మూడు నెలలు. పాత వేగంలో సగానికి పైగా వచ్చింది. "జ్ఞాపకం" అనే మాట దగ్గర మాత్రం ఇంకా చెయ్యి ఆగుతోంది.