మునిగిన కొండల మీదుగా

పొద్దు పొడిచే వేళకు పిరేయస్ రేవులో ఓడ ఒళ్లు విరుచుకుంటుంది. లారీలు, కార్లు, మూటాముల్లె, పసివాళ్లను భుజాన వేసుకున్న తల్లులు అందరూ దాని కడుపులో సర్దుకున్నాక, గట్టున గుంజలకు చుట్టిన తడి మోకులు ఒక్కొక్కటే సడలుతాయి. ఇంజను వణుకు ఇనుప నేలలోంచి అరికాళ్లలోకి పాకుతుంది. ఏథెన్స్ మేడలు లేత బంగారు మంచులో మెల్లమెల్లగా కరిగిపోతాయి. ఓడ వెనుక పాలనురుగు బాట ఒకటి విచ్చుకుని, మెలికలు తిరుగుతూ, ఎంతసేపటికీ చెరగకుండా పరుచుకుని ఉంటుంది.

ఎడమవైపు అట్టికా తీరం చిక్కిపోతూ పోయి సూనియన్ కొండకొమ్ము దగ్గర ఆగిపోతుంది. ఆ కొమ్ము మీద సముద్రదేవుడు పొసైడన్ గుడి స్తంభాలు, ఎండలో ఆరేసిన తెల్లని నూలుపోగుల్లా! అవి కూడా చూపుకు అందకుండా పోయాక మిగిలేది ఏజియన్ సముద్రం, దాని నీలం.

ఆ నీలానికి పేరు పెట్టడం కష్టం. ఓడ పక్కనే నెమలి మెడ రంగు, కాస్త దూరాన ఇంద్రనీలం, మబ్బు నీడ పడినచోట చిక్కటి కాటుక. రెయిలింగు మీద వంగి చూస్తే సూర్యకిరణాలు సూదుల్లా లోలోపలికి దిగుతూ, ఎక్కడో అడుగున ఒక్క బిందువు దగ్గర కలుసుకుంటున్నట్టు కనిపిస్తాయి. ఈ నీటిలో పోషకాలు తక్కువ, కంటికానని నాచు తక్కువ. వెలుగులోని ఎరుపును నీరు తాగేసి నీలాన్ని మాత్రం మన కంటికి తిరిగి పంపుతుంది. బక్కచిక్కిన సముద్రానికి సృష్టి ఇచ్చిన నగ అది.

ఆ నీలంలోంచి దీవులు లేస్తాయి. మొదట ఆకాశం అంచున బూడిదరంగు మరక, తర్వాత ఊదారంగు వీపు, దగ్గరయ్యేకొద్దీ ఎండిన గడ్డి, గోధుమరంగు రాళ్లు, నడుమ చల్లిన బియ్యపుగింజల్లాంటి తెల్లని ఇళ్లు. పవిత్రమైన డెలోస్ చుట్టూ వలయం కట్టి ఉన్నాయని గ్రీకులు వీటిని సిక్లడీస్ అన్నారు. గాలి నేలవైపు నుంచి మళ్లితే థైమ్ పొదల ఘాటు డెక్కు దాకా వస్తుంది. చేతిలో వాము నలిపినట్టే ఉంటుంది ఆ వాసన. రెండింటిలోనూ పరిమళం ఒకే పదార్థానిది మరి.

నిజానికి ఇవి దీవులు కావు, కొండల తలలు. ఇరవై వేల ఏళ్ల కిందట, లోకంలోని నీరు ఎంతో మంచుగా గడ్డకట్టి ఉన్న రోజుల్లో, సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దిగువన ఉండేది. పారోస్, నాక్సోస్, మైకొనోస్ అప్పుడు ఒకే పెద్ద దీవి. మంచు కరిగింది, నీరు పైకి పాకింది, లోయలు మునిగాయి. మన ఓడ ఈదుతున్నది ఒకనాటి మైదానాల మీద. ఆ సంగతి తెలిశాక కిందికి చూడాలంటే ఒళ్లు జలదరిస్తుంది.

పారోస్ రేవులో ఓడ గిరుక్కున తిరిగి గట్టుకు వీపు ఆనిస్తుంది. గొలుసులు గలగలలాడి ఇనుప తలుపు నేలకు వాలుతుంది. కొద్ది నిమిషాల హడావిడి, మళ్లీ ప్రయాణం. ఈ దీవి కడుపులోనిదే ఆ పేరుగాంచిన పాలరాయి. పూర్వం సొరంగాల్లో దీపాల వెలుగున తవ్వేవారట. వెలుగును పైపైనే తిప్పికొట్టకుండా కాస్త లోపలికి రానిచ్చే రాయి అది, మనిషి చర్మంలాగే. మీలోస్ దీవిలో దొరికిన వీనస్ విగ్రహాన్ని చెక్కింది ఈ రాతిలోనే.

నాక్సోస్ రేవు ముంగిట మరో వింత. గోడల్లేవు, కప్పు లేదు, ఒట్టి చలువరాతి వాకిలి ఒక్కటే ఆకాశంలోకి తెరుచుకుని నిలబడి ఉంటుంది. అపోలో కోసం మొదలుపెట్టి 2,500 ఏళ్లకు పైగా పూర్తికాని గుడి. ఇప్పుడు ఆ గడప దాటి లోపలికి వచ్చేది అలల మీది వెలుగే.

వేసవిలో ఉత్తరం నుంచి మెల్టెమి గాలి విసురుతుంది. ఆకాశంలో ఒక్క మబ్బు తునక ఉండదు, సముద్రం మాత్రం తెల్లని కేసరాలు విదిలిస్తూ ఉంటుంది. ఆ గాలికి ఎదురుగా, మనిషి అడుగుపెట్టని రాతితిప్పల పైన, కొడవలి రెక్కల ఎలియొనోరా డేగ వేలాడుతుంది. రెక్క కదలదు, ఈక చివర మాత్రం సన్నగా అదురుతుంది. ఇక్కడి చాలా పక్షులు వసంతంలో గుడ్లు పెడితే ఇది వేసవి చివరిదాకా ఓపిక పడుతుంది. ఆఫ్రికాకు వలసపోయే చిట్టిపిట్టలు ఈ సముద్రం మీదుగా గుంపులు గుంపులుగా సాగే వేళకు దీని పిల్లలు నోళ్లు తెరుస్తాయి. శరదృతువు ముదిరాక తల్లీపిల్లలూ మడగాస్కర్ దారి పడతాయి. ఇంత చిన్న గుండెలో అంత పెద్ద పంచాంగం ఎవరు రాసిపెట్టారో!

మధ్యాహ్నం వాలాక శాంటొరీనీ వస్తుంది. వస్తుందనడం కన్నా, మనమే దాని నోట్లోకి వెళతామనాలి. దాదాపు 3,600 ఏళ్ల కిందట పేలి కూలిన అగ్నిపర్వతపు గిన్నెలోకి సముద్రం చొరబడి ఉంది. ఎడమవైపు 300 మీటర్ల ఎత్తు వరకు లేచే గోడ. పడమటి ఎండ దాని మీద వాలి పొరపొరనూ వెలిగిస్తుంది. బొగ్గు నలుపు, ఇటుక ఎరుపు, పసుపుముద్దలాంటి మెరుపు, అన్నిటిపైనా ఆనాటి విస్ఫోటనం పరిచిన పాలిపోయిన బూడిద. ఆ బూడిద అంచునే వెల్లవేసిన ఊళ్లు, కొండకు పట్టిన ఉప్పులా. కుడివైపు నీటిలోంచి పొడుచుకొచ్చిన నల్లని లావా కుప్ప నియా కమేని. అది చివరిసారి నిప్పులు కక్కింది 1950లో. ఓడలో మాటలు వాటంతటవే ఆగిపోతాయి. చాలాచోట్ల లంగరు అందనంత లోతు మీద, నిద్రపోతున్న నిప్పు మీద, మనం తేలుతున్నాం.

ఈ దీవి దక్షిణపు కొనన, బూడిద కింద కప్పబడిన ఆక్రొతీరి పట్నాన్ని 1967 నుంచి తవ్వుతున్నారు. ఒక ఇంటి గోడ మీద ఓడల వరుస బొమ్మ బయటపడింది. తెడ్ల పక్కన డాల్ఫిన్లు ఎగురుతుంటాయి, వచ్చే ఓడలను చూడడానికి జనం మిద్దెలెక్కి నిలబడి ఉంటారు. బొమ్మలోని సముద్రం ఇదే. ఇంతలో దీవి రేవు అథీనియోస్‌లో గొలుసులు మళ్లీ గలగలలాడతాయి. గట్టు మీద ఎవరో ఒకరు చెయ్యెత్తి, ఎండకు అడ్డం పెట్టుకుని, మన ఓడకేసి చూస్తుంటారు.